సమీక్ష: సింఫొనీ మైమ్ లైబ్రరీలోని అడ్రస్ క్లాస్

పీహెచ్‌పీ భాషలో రాసిన వెబ్ అప్లికేషన్లలో ఈమెయిల్ చిరునామా చాలావరకు మామూలు స్ట్రింగ్‌గానే (అక్షరాల వరుసగానే) తిరుగుతూ ఉంటుంది. ఫారంలోంచి స్ట్రింగ్‌గా వస్తుంది, డేటాబేస్‌లో స్ట్రింగ్‌గా నిలుస్తుంది, మెయిల్ పంపే ఫంక్షన్‌కు మళ్లీ స్ట్రింగ్‌గానే చేరుతుంది. ఈ దారిలో దాన్ని ఎవరు ఎక్కడ సరిచూశారో, పక్కన ఉండవలసిన మనిషి పేరు ఎక్కడ అతుక్కుందో, ఎక్కడ ఊడిపోయిందో తరువాత కోడ్ చదివేవారికి తెలిసే అవకాశం లేదు. ఈ పరిస్థితిని సరిచేయడానికి చేసిన ప్రయత్నాలలో నాకు బాగా నచ్చినది, సింఫొనీ అనే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్‌లో మెయిల్‌ను కూర్చే మైమ్ లైబ్రరీలోని అడ్రస్ అనే చిన్న క్లాస్ (డేటానూ దానిపై చేసే పనులనూ కలిపే కోడ్ నమూనా; దాన్నుంచి తయారయ్యే ఒక్కొక్క వస్తువు ఆబ్జెక్ట్). దరఖాస్తులు స్వీకరించి, రసీదులూ హాల్ టికెట్లూ మెయిల్‌లో పంపే అప్లికేషన్లలో దీన్ని వాడుతున్నాను కనుక, దీని బలమేమిటో, ఎక్కడ జాగ్రత్తపడాలో వివరంగా రాయదలచాను. చిరునామాను పట్టి ఉంచే విషయంలో ఇది చాలా మంచి క్లాస్. చిరునామాను తిరిగి అక్షరాల రూపంలో బయటికి ఇచ్చే విషయంలో మాత్రం దీన్ని పూర్తిగా నమ్ముకోకూడదు.

మైమ్, మెయిల్‌ను పంపే మెయిలర్ అనే రెండు కాంపొనెంట్లు (విడి భాగాలు) 2019లో సింఫొనీ 4.3తో పాటు వచ్చాయి. అంతకుముందు సింఫొనీ వాడేవారంతా స్విఫ్ట్ మెయిలర్ అనే మెయిల్ లైబ్రరీ మీద ఆధారపడేవారు. అందులో చిరునామాకంటూ ఒక ఆబ్జెక్ట్ ఉండేది కాదు. చిరునామాను కీగా, పేరును విలువగా పెట్టిన అర్రే అనే జాబితా ఇవ్వవలసి ఉండేది. చూడటానికి ఇది ముచ్చటగా ఉన్నా, అర్రేలో ఒక కీ రెండుసార్లు ఉండదన్న సంగతి దగ్గర చిక్కు వస్తుంది. మన దగ్గర అన్నాచెల్లెళ్లు ఇద్దరూ తండ్రి మెయిల్ ఐడీతోనే దరఖాస్తు చేయడం, ఊళ్లో నెట్ సెంటర్ నడిపే వ్యక్తి తన మెయిల్ ఐడీనే పదిమందికి ఇవ్వడం మామూలు విషయాలు. అలాంటి జాబితాను ఆ అర్రేలో పేర్చితే చివరి పేరు ఒక్కటే మిగిలి, ముందు పేర్లన్నీ ఏ హెచ్చరికా లేకుండా మాయమవుతాయి. చిరునామా, పేరు కలిసి ఒక ఆబ్జెక్ట్ అయినప్పుడు ఈ చిక్కు పుట్టనే పుట్టదు, ఎందుకంటే ఒకే చిరునామాతో వేర్వేరు పేర్లున్న రెండు ఆబ్జెక్టులు ఒకే జాబితాలో నిశ్చింతగా ఉండగలవు.

4.3లో మొదట రెండు క్లాసులు ఉండేవి: వట్టి చిరునామాకు అడ్రస్, పేరుతో కూడిన చిరునామాకు నేమ్డ్‌అడ్రస్. 4.4 వచ్చేసరికి రెండవదాన్ని తీసేసి, పేరును అడ్రస్‌లోనే ఐచ్ఛికంగా చేర్చారు. పాత కోడ్‌ను విరిచే మార్పే అయినా ఇది సరైన నిర్ణయం. పేరు ఉందా లేదా అన్నదాన్ని బట్టి వస్తువు రకం మారిపోకూడదు. ఈ రోజు పేరు ఇవ్వని వినియోగదారు రేపు ఇవ్వవచ్చు, అంతమాత్రాన ఫంక్షన్ల సిగ్నేచర్లన్నీ (అవి తీసుకునే విలువల రకాలన్నీ) మార్చుకోవలసిన అవసరం ఎవరికీ రాకూడదు.

ఈ క్లాస్‌లో అసలు విలువైన భాగం కన్‌స్ట్రక్టర్, అంటే ఆబ్జెక్ట్‌ను తయారుచేసే కోడ్. ఇచ్చిన చిరునామాకు ముందూ వెనకా ఉన్న ఖాళీలను కత్తిరిస్తుంది, పేరులో లైన్ మార్చే అక్షరాలుంటే తొలగిస్తుంది, తరువాత ఈగులియాస్ ఈమెయిల్ వాలిడేటర్ అనే వేరే లైబ్రరీకి చిరునామాను అప్పగించి నియమాల ప్రకారం ఉన్నదో లేదో సరిచూస్తుంది, లేకపోతే వెంటనే ఎక్సెప్షన్ (పనిని ఆపే లోప సంకేతం) విసురుతుంది. లైన్ మార్చే అక్షరాల తొలగింపు చిన్న పనిలా కనిపిస్తుంది గాని, దాని వెనుక చాలా పాత దాడి ఒకటి ఉంది. ఫారంలోని పేరు గడిలో ఎవరైనా పేరు రాసి, దాని కింద కొత్త లైన్‌లో బీసీసీ (రహస్య ప్రతి అందుకునేవారు) అని మొదలుపెట్టి వందల చిరునామాలు చేర్చి పంపితే, ఆ పేరును యథాతథంగా మెయిల్ హెడర్‌లో (పంపేవారు, అందుకునేవారు వంటి వివరాలుండే పై భాగంలో) అతికించే కోడ్ మీ సర్వర్‌ను స్పామ్ పంపే యంత్రంగా మార్చేస్తుంది. అడ్రస్ ఆబ్జెక్ట్ గుండా వెళ్లిన పేరుతో ఈ పని సాగదు.

ఒకసారి ఆబ్జెక్ట్ తయారైతే దాన్ని మార్చే మెథడ్ (క్లాస్‌లోని ఫంక్షన్) ఏదీ లేదు. క్లాస్ ఫైనల్ కూడా కాబట్టి, దాన్ని ఎక్స్‌టెండ్ చేసి (దాని ఆధారంగా కొత్త క్లాస్ రాసి) సరిచూపును తప్పించే వీలూ లేదు. అందువల్ల ఒక ఫంక్షన్ తన పారామీటర్‌గా అడ్రస్‌ను అడిగిందంటే, లోపల మళ్లీ సరిచూడవలసిన పని ఉండదు. ఈ హామీ ముందు ఫైనల్ వల్ల కలిగే ఇబ్బంది ఎంతో చిన్నది. జావాలోని ఇంటర్నెట్‌అడ్రస్ క్లాస్‌ను చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది. అక్కడ ఆబ్జెక్ట్ తయారైన తరువాత కూడా చిరునామాను మార్చవచ్చు. పైగా చిరునామా ఒక్కటే ఇస్తే చిరునామా నిర్మాణాన్ని పరిశీలించే కన్‌స్ట్రక్టర్, చిరునామాతో పాటు పేరు కూడా ఇస్తే చిరునామా సరైనదేనని అనుకుని ముందుకు సాగిపోతుంది. లారావెల్ అనే మరో పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ మీద పనిచేసేవారు కూడా ఒక విషయం గమనించాలి: లారావెల్ 9 నుంచి మెయిల్ పంపే పని సింఫొనీ మెయిలర్‌దే అయినా, మెయిలబుల్స్‌లో (అందులో మెయిళ్లను వివరించే క్లాసుల్లో) వాడే అడ్రస్ క్లాస్ లారావెల్ సొంతది. అందులో చిరునామా, పేరు రెండూ పబ్లిక్‌గా (బయటినుంచి మార్చగలిగేలా) ఉంటాయి, సరిచూపు ఉండదు. తప్పు చిరునామా పంపే క్షణం దాకా ఆ ఆబ్జెక్ట్‌లో నిక్షేపంగా కూర్చుంటుంది. పేరు ఒకటే కదా అని ఈ రెండింటినీ ఒకటిగా భావించరాదు.

అయితే సరిచూసిన చిరునామా అంటే నియమబద్ధమైన చిరునామా మాత్రమే, ప్రమాదం లేని చిరునామా అని కాదు. ఈ సంగతి 2016 డిసెంబరులో పీహెచ్‌పీమెయిలర్ అనే మెయిల్ లైబ్రరీలో బయటపడ్డ లోపం వల్ల అందరికీ తెలిసివచ్చింది. @ గుర్తుకు ముందున్న భాగాన్ని కొటేషన్ మార్కుల మధ్య రాస్తే అందులో ఖాళీలు కూడా ఉండవచ్చునని ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల) నియమాలు అనుమతిస్తాయి. ఆ వెసులుబాటును ఆసరాగా చేసుకుని, పంపేవారి చిరునామాలోనే మెయిల్‌ను పంపే సెండ్‌మెయిల్ ప్రోగ్రాంకు ఇచ్చే ఆప్షన్లను దాచి సర్వర్‌లో ఫైళ్లు సృష్టించవచ్చునని తేలింది. 5.2.18లో చేసిన సవరణ చాలక 5.2.20లో మళ్లీ సరిదిద్దవలసి వచ్చింది. స్విఫ్ట్ మెయిలర్‌లోనూ, జెండ్ మెయిల్‌లోనూ ఇదే కోవ లోపాలు అదే సమయంలో బయటపడ్డాయి. నియమాలను నిష్ఠగా పాటించే ఏ క్లాస్ అయినా అలాంటి చిరునామాను చెల్లుబాటు అయ్యేదిగానే స్వీకరిస్తుంది, అది దాని తప్పు కాదు. షెల్‌కు (సర్వర్‌లో ఆదేశాలను నడిపే ప్రోగ్రాంకు) చేరే ముందు కట్టుదిట్టం చేయడం మెయిల్‌ను పంపే భాగం బాధ్యత. ప్రజలు నింపే ఫారంలో కొటేషన్ మార్కులున్న చిరునామాలను ముందే తిరస్కరించడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే నిజమైన దరఖాస్తుదారుల్లో అలాంటి చిరునామా ఉన్నవారు నాకు ఇంతవరకు తారసపడలేదు.

ఫారం సరిచూపు ప్రస్తావన వచ్చింది కనుక ఇక్కడ ఒక నిజమైన ఇబ్బందిని చెప్పాలి. సింఫొనీలో ఫారం గడిని పరిశీలించే ఈమెయిల్ కన్‌స్ట్రెయింట్ (సరిచూపు నియమం) వేరు, ఈ క్లాస్ లోపల జరిగే పరిశీలన వేరు. 7.0 నుంచి ఆ కన్‌స్ట్రెయింట్ డిఫాల్ట్‌గా హెచ్‌టీఎంఎల్5 (వెబ్ పేజీల ప్రమాణం) పద్ధతిని పాటిస్తుంది. హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ఈమెయిల్ విషయంలో మెయిల్ రూపాన్ని నిర్దేశించే ఆర్‌ఎఫ్‌సీ 5322ను కావాలనే ఉల్లంఘిస్తున్నట్టు తానే చెప్పుకుంటుంది. దాని ప్రకారం ముందు భాగంలో రెండు చుక్కలు పక్కపక్కనే ఉన్నా చెల్లుతుంది. అడ్రస్ క్లాస్ మాత్రం వరుస చుక్కలను ఒప్పుకోదు. ఇది ఊహించి చెప్పే చిక్కు కాదు. జపాన్‌లో డొకోమో మొబైల్ సంస్థ ఒకప్పుడు వరుస చుక్కలున్న చిరునామాలను వినియోగదారులకు ఇచ్చింది. ఫారం దాటి డేటాబేస్‌లో చేరిపోయిన అలాంటి చిరునామా, రసీదు పంపే సమయంలో ఎక్సెప్షన్‌గా బయటపడుతుంది. అప్పటికి దరఖాస్తుదారు పేజీ మూసేసి ఉంటారు. కన్‌స్ట్రెయింట్‌ను స్ట్రిక్ట్ పద్ధతికి మార్చుకోవడమో, ఫారం స్వీకరించిన చోటే అడ్రస్ ఆబ్జెక్ట్‌ను తయారుచేసి ఎక్సెప్షన్‌ను అక్కడికక్కడే ఫారం ఎర్రర్‌గా మార్చుకోవడమో చేయాలి. నేను రెండవ పద్ధతినే ఇష్టపడతాను, అందులో పరిశీలన ఒకే చోట ఉంటుంది కనుక.

ఇక చిరునామాను అక్షరాలుగా మార్చి చూపే పని. దీనికి ఈ క్లాస్‌లో టుస్ట్రింగ్ అనే మెథడ్ ఉంది. పేరు లేకపోతే చిరునామాను మాత్రమే ఇస్తుంది. పేరు ఉంటే దాన్ని కొటేషన్ మార్కుల మధ్య పెట్టి, పక్కన కోణపు బ్రాకెట్లలో చిరునామాను ఇస్తుంది. ఎప్పుడూ కొటేషన్ మార్కులు పెట్టడం మన పేర్ల విషయంలో మేలు చేసే అలవాటు. ఇంటిపేరునూ తండ్రి పేరునూ పొడి అక్షరాలుగా చేసి చుక్కలతో రాసుకోవడం మనకు అలవాటు, కె. వి. రావు అన్నట్టు ఇంగ్లిషులో రాసిన పేరులో ఉండే చుక్క, ఆర్‌ఎఫ్‌సీ 5322 దృష్టిలో ప్రత్యేక అక్షరం. కొటేషన్ మార్కులు లేకుండా దాన్ని హెడర్‌లో రాయడాన్ని ఆ ప్రమాణం కాలంచెల్లిన పద్ధతిగానే పేర్కొంటుంది. కామా విషయం ఇంకా తీవ్రం. ఇంటిపేరు రాసి, కామా పెట్టి, అసలు పేరు రాసే రికార్డులనుంచి పేరును తీసుకుని కొటేషన్ మార్కులు లేకుండా హెడర్‌లో పెడితే, చదివే ప్రోగ్రాం కామా దగ్గర ఒక చిరునామా ముగిసిందని అనుకుంటుంది. పైతాన్‌లోని అడ్రస్ క్లాస్ అవసరమైనప్పుడు మాత్రమే కొటేషన్ మార్కులు చేరుస్తుంది. రెండు పద్ధతులూ సరైనవే.

తెలుగు లిపిలో ఉన్న పేరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం టుస్ట్రింగ్ ఇచ్చే ఫలితాన్ని నేరుగా మెయిల్ హెడర్‌లో పెట్టకూడదు. అది పేరును తెలుగు అక్షరాలతోనే తిరిగి ఇస్తుంది. సాధారణ మెయిల్ హెడర్‌లో ఆస్కీ అక్షరాలు (ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, గుర్తులు) మాత్రమే ఉండాలి. తక్కినవాటిని ఆర్‌ఎఫ్‌సీ 2047 చెప్పిన విధంగా ఎన్‌కోడ్ చేయాలి, అంటే ఆస్కీ అక్షరాల్లోకి మార్చాలి. ఆ పని మైమ్ లైబ్రరీలోని హెడర్ క్లాసులు చేస్తాయి, అడ్రస్ చేయదు. ఈ విభజన నాకు సబబుగానే తోస్తుంది, ఎందుకంటే వెబ్ పేజీలో చూపే పేరుకు ఆ ఎన్‌కోడింగ్ అక్కరలేదు. కానీ టుస్ట్రింగ్ అన్న పేరు చూసి, దాని ఫలితాన్ని పీహెచ్‌పీ సొంత మెయిల్ ఫంక్షన్‌కు అందించే కోడ్ రాయడం చాలా సులువు. అలా రాసిన కోడ్ ఇంగ్లిషు పేర్లతో చక్కగా పనిచేసి, తెలుగు పేరు వచ్చిన రోజున నియమం తప్పుతుంది.

హెడర్ క్లాసులు చేసే పని ఎంత సూక్ష్మమైనదో తెలుసుకుంటే దాన్ని చేత్తో రాసే సాహసం ఎవరూ చేయరు. ఎన్‌కోడ్ చేసిన ఒక్కొక్క తునక 75 అక్షరాలకు మించకూడదు. అందులో క్యారెక్టర్ సెట్ పేరు, గుర్తులు కలిసి 12 అక్షరాలు పోగా 63 మిగులుతాయి. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు యూనికోడ్ అక్షరం ఒక్కొక్కటి 3 బైట్లు. క్యూ అనే ఎన్‌కోడింగ్ పద్ధతిలో ఒక్కొక్క బైటుకు 3 అక్షరాలు కావాలి కనుక, ఒక తునకలో 7 యూనికోడ్ అక్షరాలే పడతాయి. స్త్రీ అన్న ఒక్క అక్షరంలోనే హల్లులు, వత్తులు, గుడి కలిసి 6 యూనికోడ్ అక్షరాలు ఉన్నాయి, అంటే దానికొక్కదానికే 54 అక్షరాలు ఖర్చు. కాబట్టి మామూలు తెలుగు పేరు కూడా రెండు మూడు తునకలుగా విడిపోక తప్పదు. విడిపోయేటప్పుడు ఒక యూనికోడ్ అక్షరపు బైట్లు రెండు తునకల మధ్య చీలకూడదన్నది నియమం. సంయుక్తాక్షరం మధ్యలో తునక తెగినా ఫరవాలేదు, పక్కపక్కనున్న తునకల మధ్య ఖాళీని చదివే ప్రోగ్రాం వదిలేసి కలుపుకుంటుంది. ఈ నియమాన్ని పట్టించుకోక బైట్ల లెక్కన తెగ్గొట్టే సొంత కోడ్ నుంచే, ఇన్‌బాక్సులో పేరు మధ్య ప్రశ్నార్థకాలూ చతురస్రాలూ కనిపించే మెయిళ్లు వస్తాయి.

టుస్ట్రింగ్ ఫలితాన్ని వెబ్ పేజీలో చూపేటప్పుడు కూడా ఒక జాగ్రత్త కావాలి. కోణపు బ్రాకెట్లను ఎస్కేప్ చేయకపోతే (ట్యాగ్ కాదని తెలిపే రూపంలోకి మార్చకపోతే) బ్రౌజర్ చిరునామాను ట్యాగ్‌గా భావించి చూపకుండా మింగేస్తుంది. సింఫొనీతో వాడే ట్విగ్ టెంప్లేట్ ఈ ఎస్కేప్ పని తానే చేస్తుంది. సాదా పీహెచ్‌పీ టెంప్లేట్లు వాడేవారు తామే చేసుకోవాలి.

ఈ క్లాస్‌లో నాకు నిజంగా అసంతృప్తి కలిగించే భాగం క్రియేట్ అనే స్టాటిక్ (ఆబ్జెక్ట్ లేకుండానే పిలిచే) మెథడ్. పేరు, కోణపు బ్రాకెట్లలో చిరునామా కలిపి ఉన్న స్ట్రింగ్‌ను ఇస్తే ఇది ఆబ్జెక్ట్‌గా మారుస్తుంది. కాన్ఫిగరేషన్ ఫైల్లో పంపేవారి పేరు రాసుకోవడానికి ఇది సరిపోతుంది. కానీ ఇది టుస్ట్రింగ్‌కు కచ్చితమైన విలోమం కాదు. పేరులోనే కొటేషన్ మార్కులుంటే, ఉదాహరణకు ముద్దుపేరును వాటి మధ్య రాసుకున్న వ్యక్తి పేరైతే, టుస్ట్రింగ్ వాటి ముందు బ్యాక్‌స్లాష్ చేరుస్తుంది. క్రియేట్ మాత్రం పేరు అంచుల్లోని మార్కులను కత్తిరించి ఊరుకుంటుంది తప్ప ఆ బ్యాక్‌స్లాష్‌లను తీసివేయదు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఒకసారి తిరిగేసరికి పేరు చెడిపోతుంది. కామాలతో పేర్చిన చిరునామాల జాబితానూ ఇది విడదీయలేదు. అయితే అలాంటిది ఇస్తే చాలావరకు ఎక్సెప్షన్ విసురుతుంది గాని ఏదో ఒకటి ఊహించి ముందుకు పోదు, ఆ మేరకు మెచ్చుకోవాలి. ఈ కారణాల వల్ల టుస్ట్రింగ్ ఫలితాన్ని డేటాబేస్‌లో దాచి, క్రియేట్‌తో తిరిగి తెచ్చుకునే పద్ధతి వద్దని గట్టిగా చెబుతాను. చిరునామాకు ఒక కాలమ్, పేరుకు ఒక కాలమ్ విడివిడిగా పెట్టుకోవాలి. మెయిల్‌ను చేరవేసే ఎస్ఎంటీపీ ప్రమాణపు పరిమితుల ప్రకారం చిరునామా మొత్తం 254 ఆక్టెట్లకు (బైట్లకు) మించదు కనుక ఆ కాలమ్ పొడవును నిర్ణయించడం కష్టం కాదు.

మరో లోటు, రెండు చిరునామాలు ఒకటేనా అని అడగడానికి మెథడ్ లేకపోవడం. పీహెచ్‌పీలో రెండు ఆబ్జెక్టులను రెండు సమానపు గుర్తులతో పోల్చితే లోపలి విలువలన్నీ పోలుస్తుంది. కాబట్టి పేరు వేరైతే చిరునామా ఒకటే అయినా సమానం కావు. డొమైన్‌లో (@ తరువాతి భాగంలో) ఒక అక్షరం పెద్దబడిలో (కాపిటల్‌లో) ఉన్నా సమానం కావు. నిజానికి డొమైన్ విషయంలో పెద్దబడి, చిన్నబడి తేడా లెక్కలోకి రాదు; ముందు భాగం విషయంలో మాత్రం ఆ తేడా నిర్ణయం స్వీకరించే సర్వర్‌దని ఆర్‌ఎఫ్‌సీ 5321 చెబుతుంది. జీమెయిల్‌లో చుక్కలు లెక్కలోకి రావన్నది ఆ సంస్థ సొంత నియమం. ఇలాంటి సంస్థల నియమాలను ఈ క్లాస్‌లోకి తేకపోవడం మంచిదే. డొమైన్‌ను చిన్నబడికి మార్చి పోల్చే ఒక చిన్న మెథడ్ ఇచ్చి ఉంటే మాత్రం, ప్రతి అప్లికేషన్‌లోనూ దాన్ని మళ్లీ మళ్లీ రాసుకునే శ్రమ తప్పేది. ఒక దరఖాస్తుకు ఒకే చిరునామా అన్న నిబంధన పెట్టుకునే ఎవరికైనా ఇది మొదటి రోజే అవసరపడుతుంది.

తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే చివరి విషయం తెలుగు లిపిలోని చిరునామాలు. తెలుగు లిపిలోని .భారత్ డొమైన్ 2011లోనే ఇంటర్నెట్ మూల పట్టికలో చేరింది. ఆ డొమైన్‌తో ఒక చిరునామాను, రావు@ఉదాహరణ.భారత్ అనుకుందాం, ఈ క్లాస్‌కు ఇస్తే ఏమవుతుందో చూడాలి. చిరునామాను అడిగితే తెలుగులో రాసినది రాసినట్టే తిరిగి ఇస్తుంది. ఎన్‌కోడ్ చేసిన చిరునామాను అడిగితే డొమైన్ భాగాన్ని పునికోడ్ అనే ఆస్కీ రూపంలోకి మార్చి ఇస్తుంది. పేజీలో చూపేది మొదటిది, సర్వర్‌తో మాట్లాడేటప్పుడు వాడేది రెండవది. ఒకే ఆబ్జెక్ట్ ఈ రెండు రూపాలనూ వేర్వేరు మెథడ్ల ద్వారా అందించడం ఈ డిజైన్‌లో నాకు ఎక్కువగా నచ్చిన అంశం. అయితే పునికోడ్ డొమైన్‌కే వర్తిస్తుంది, ముందు భాగానికి వర్తించదు. ముందు భాగం తెలుగులో ఉన్న మెయిల్ వెళ్లాలంటే దారిలోని సర్వర్లు 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6531 ప్రకారం ఎస్ఎంటీపీయూటీఎఫ్8 అనే సదుపాయాన్ని అందించాలి. సింఫొనీలో దీనికి మద్దతు 2024లో వచ్చిన 7.2 నుంచి మాత్రమే ఉంది. ముందు భాగంలో యూనికోడ్ ఉన్నదా అని అడిగే మెథడ్‌ను అప్పుడే ఈ క్లాస్‌లో చేర్చారు. ఉంటే, అవతలి సర్వర్ ఆ సదుపాయం ఉన్నదని ప్రకటించినప్పుడే మెయిలర్ పంపుతుంది, లేకపోతే ఎక్సెప్షన్ ఇస్తుంది. పొడవు విషయంలోనూ తెలుగుకు ఇబ్బంది ఉంది: ముందు భాగానికి ఉన్న పరిమితి 64 ఆక్టెట్లు, తెలుగులో అది 21 యూనికోడ్ అక్షరాలకే నిండిపోతుంది.

లైబ్రరీ ఎంఐటీ లైసెన్స్‌తో ఉచితంగా లభిస్తుంది. సింఫొనీ ఫ్రేమ్‌వర్క్ మొత్తం అవసరం లేకుండా, కంపోజర్ అనే ప్యాకేజీ సాధనంతో మైమ్ ఒక్కదాన్నే ఏ పీహెచ్‌పీ ప్రాజెక్టులోనైనా చేర్చుకోవచ్చు. అలా ఒక్కదాన్నే తెచ్చుకునేవారు ఈగులియాస్ వాలిడేటర్‌ను విడిగా చేర్చుకోవాలి, మైమ్ దాన్ని తనతో తీసుకురాదు. అది లేకపోతే మొదటి అడ్రస్ ఆబ్జెక్ట్ తయారీ దగ్గరే ఎక్సెప్షన్ వస్తుంది. మెయిలర్‌ను కూడా తెచ్చుకుంటే వాలిడేటర్ దానితోపాటే వస్తుంది. పాత కోడ్‌లో ఫ్రమ్‌స్ట్రింగ్ అనే మెథడ్ వాడినవారు 6.0లో దాన్ని తొలగించారన్న సంగతి గమనించి, అప్‌గ్రేడ్‌కు ముందే క్రియేట్‌కు మారాలి. తెలుగు చిరునామాలను స్వీకరించే ఉద్దేశం ఉన్నవారు 7.2 కంటే ముందు వెర్షన్‌తో మొదలుపెట్టవద్దు. తాము వాడే మెయిల్ సర్వర్ ఎస్ఎంటీపీయూటీఎఫ్8ను ప్రకటిస్తున్నదో లేదో కూడా, ఫారంలో ఆ గడిని తెరవకముందే సర్వర్ నిర్వాహకులను అడిగి తెలుసుకోవాలి.